తిరిగొచ్చినవాళ్ల రోజు

నవంబరు పదకొండు, మంగళవారం, పొద్దున్న పదకొండుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. బడి జిమ్‌లో గోడ గడియారానికి బంతులు తగలకుండా ఇనుప తీగల బుట్ట బిగించారు. ఆ బుట్టలోంచి ముల్లు చూసే చెబుతున్నాను. ఆ సమయానికి జిమ్‌లో జనమంతా మా వైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. నా మనవరాలు నా చంక కింద చెయ్యి పెట్టి లేపుతోంది. నేను లేవలేదు.

"అమ్మమ్మా, లే. మన కోసమే కొడుతున్నారు."

"లేవను."

"మోకాళ్లు పట్టేశాయా?"

"మోకాళ్లు బాగానే ఉన్నాయి."

నాకు ఎనభై నాలుగేళ్లు. మాది విజయనగరం వైపు పల్లె. కూతురు పోయాక దాని కూతురు నన్ను మిషిగన్‌కి తెచ్చుకుంది. ట్రాయ్‌లో ఉంటాం. అక్షరాలు నేను యాభై రెండో ఏట నేర్చుకున్నాను, ఊరి బడి అరుగు మీద, ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం తరగతిలో. అందుకని నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొడుగుది మొదలుపెడితే చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాను.

ఎందుకు లేవలేదో చెప్పాలంటే రెండు వారాలు వెనక్కి వెళ్లాలి.

మునిమనవరాలు నాలుగో తరగతి. బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. నవంబరు పదకొండున సైన్యంలో పనిచేసినవాళ్లను బడికి పిలిచి మర్యాద చేస్తారు. ఇంట్లో అలాంటివాళ్లెవరైనా ఉంటే పిల్లలు వాళ్ల గురించి ఒక కార్డు రాసి అందరి ముందు చదవాలి. చదివినప్పుడు ఆ పిల్ల ఇంటివాళ్లు లేచి నిలబడాలి.

"తాతమ్మా, మన ఫ్యామిలీలో వార్‌కి ఎవరైనా వెళ్లారా?"

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి మనవరాలు అందుకుంది. "వెళ్లారు. తాతమ్మ వాళ్ల నాన్న. వరల్డ్ వార్ టూ. అందులోనే చనిపోయారు."

దాని మొగుడు లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "అదేంటి, అప్పుడు మనది బ్రిటిష్ ఆర్మీ కదా. అది మన వార్ ఎలా అవుతుంది?"

"లక్షల మంది మనవాళ్లు వెళ్లారండీ."

"మా టెక్స్ట్‌బుక్‌లో ఒక్క పేరా ఉండేది. అది కూడా ఎగ్జామ్‌లో రాదని మా సార్ వదిలేశాడు."

"మీ సార్ వదిలేశాడని యుద్ధం జరగకుండా పోద్దా?"

మునిమనవరాలు నా వైపు తిరిగింది. "హి డైడ్, రైట్ తాతమ్మా? హీరోలాగా?"

అవునన్నాను. డెబ్బై ఏళ్లుగా ఆ మాటే అంటున్నాను. నా మొగుడికీ అదే చెప్పాను, కూతురికీ అదే చెప్పాను. అలవాటైన నోరు. మర్నాటికి కార్డు తయారైంది. మనవరాలు ఇంటర్నెట్‌లోంచి ఒక బొమ్మ తీసి అతికించింది. టోపీ, బూట్లు, భుజాన తుపాకీ, కోర మీసం. ఎవరో పంజాబు వాడు.

"ఇతనెవరే?" అన్నాను.

"ముత్తాత ఫొటో లేదు కదా అమ్మమ్మా. ఇలాగే ఉండుంటారు."

మా నాన్న చేతికి తుపాకీ ఇవ్వలేదు. పలుగూ పారా ఇచ్చారు. ఆయన చేరింది తవ్వే పటాలంలో. రోడ్లు వెయ్యడం, కందకాలు తవ్వడం, ఓడల్లో సరుకు ఎక్కించడం వాళ్ల పని. మా ఊళ్లో జర్మనీ ఎక్కడుందో, జపాను ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ ఏడు పంటలు పోయాయి. పటాలంలో రెండు పూటలా అన్నం పెడతారని దండోరా వేశారు. తొమ్మిది మంది వెళ్లారు. అప్పటికి నేను కడుపులో ఉన్నాను.

మొదట రెండు ఉత్తరాలు వచ్చాయట, ఎవరిచేతో రాయించినవి. పోస్టు జవాను అరుగు మీద నిలబడి గట్టిగా చదివితే మా అమ్మతోపాటు వీధంతా విన్నది. ఓడలో సింగపూరు చేరామని రెండో దాంట్లో ఉంది. తర్వాత సింగపూరు పడిపోయింది. ఉత్తరాలు ఆగిపోయాయి. విశాఖలో జపాను బాంబులు పడ్డప్పుడు పట్నం జనం మూటలు నెత్తిన పెట్టుకుని మా ఊరి మీదుగా పోయారని, అందరినీ మా అమ్మ సింగపూరు సంగతి అడిగిందని మా నాయనమ్మ చెప్పేది. వాళ్లకేం తెలుస్తుంది, వాళ్ల ప్రాణాలు పట్టుకుని వాళ్లు పోతున్నారు.

యుద్ధం అయిపోయింది. దేశానికి స్వతంత్రం వచ్చింది. తొమ్మిది మందిలో ఇద్దరు తిరిగొచ్చారు. వాళ్లు వేరే చోటికి పోయినవాళ్లు, మా నాన్నను చూడలేదన్నారు. సర్కారు నుంచి పోయాడని కాగితం రాలేదు, ఉన్నాడనీ రాలేదు. మా అమ్మ బొట్టు పెట్టుకునే ఉంది. బావి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? "నీ మొగుడు సింగపూరులో ఇంకోదాన్ని కట్టుకున్నాడేమోనే" అని ఒకత్తె. "ఎవుల కోసమే ఆ పసుపు" అని ఇంకొకత్తె. మా అమ్మ కడవ నింపుకుని వచ్చేసేది.

మా వైపు ఒక ఆచారం ఉంది. మనిషి కనబడకుండా పోయి పన్నెండేళ్లు దాటితే చచ్చినట్టే లెక్క. వరిగడ్డితో బొమ్మ చేసి కాల్చి కర్మ చేస్తారు. లేకపోతే ఆ ప్రాణం ఇంటి చుట్టూ తిరుగుతుందని భయం. పన్నెండేళ్లు నిండగానే చిన్నాన్న, అంటే మా నాన్న తమ్ముడు, కర్మలు చేయించే దాసరిని పిలిపించాడు. చిన్నాన్నకు ఆ కర్మ కావాలి. కర్మ చేసినవాడికి మా నాన్న వాటా అరెకరం వస్తుంది. అందుకే చేశాడని అనను, అందుకు కాదనీ అనను.

ఒంటికి గడ్డి, మీద మోదుగాకులు, తలకు కొబ్బరికాయ. బొమ్మకు వాడిన బట్ట ఏదైనా కట్టాలన్నాడు దాసరి. మా నాన్నది ఇంట్లో మిగిలింది ఒక్క తలగుడ్డ, ఎర్ర అంచుది. అమ్మ పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు కట్టే. నా సేతులాడవు" అంది. కొబ్బరికాయకు ఆ గుడ్డ నేనే చుట్టాను. ఒక కొసన చుట్ట కాలిన బొక్క ఉంది. అందులోకి నా చిటికెన వేలు దూర్చి చూశాను. సరిగ్గా దూరింది. పన్నెండేళ్ల పిల్లని, ఊరికే దూర్చాను.

చిన్నాన్న నిప్పు పెట్టాడు. పదో నాడు అమ్మ గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు, పుస్తెలు తీశారు. "కర్మయ్యాక ఈ పేరు సెప్పుకుని ఎవుడైనా వొస్తే ఆడు మనిసి కాడు" అని దాసరి అందరూ వినేలా చెప్పి పోయాడు. "గడప దాటనిచ్చారంటే ఇంట్లో ఇంకో పీనుగు లేస్తాది."

ఆ మరుసటి ఏడు, పుష్యమాసం. చిన్నాన్న కళ్లంలో ఉన్నాడు. నాయనమ్మ అప్పటికే పోయింది. అమ్మ ఇంట్లో దంపుతోంది. నేను అరుగు మీద చోళ్లు, అదే రాగులు, చెరుగుతున్నాను. నాకు పెళ్లి కుదిరింది, మాఘంలో ముహూర్తం.

ఒక మనిషి వచ్చి వీధిలో నిలబడ్డాడు. తల ముగ్గుబుట్ట. ఒళ్లు ఎండిపోయింది. ఎడమ చేతికి రెండే వేళ్లున్నాయి. మా నాన్న పేరు చెప్పి, అది అతని ఇల్లేనా అని అడిగాడు.

"అవును. ఆయన లేడు."

"ఏ ఊరెల్లినాడు?"

"సచ్చిపోనాడు."

అతను నన్నే చూస్తూ నిలబడ్డాడు. "నువ్వతని కూతురివా?"

"ఊఁ."

"నాను సావలేదు గుంటా. నానే మీ అయ్యని."

నేను చేట కింద పెట్టాను. అతను సంచిలోంచి మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం తీసి నా ముందు పట్టుకున్నాడు. "ఇది పటాలం వోలిచ్చినది. సదువు. నా పేరుంటాది."

"నాకు సదువు రాదు."

"మీ అమ్మకి?"

"అమ్మకీ రాదు."

"ఎవులికొచ్చు?"

"కరణానికొచ్చు. ఆయన విజీనారం ఎల్లినాడు."

కాగితం అరుగు మీద పెట్టాడు. ఇంకేం చూపించాలా అన్నట్టు ఒళ్లు తడుముకున్నాడు. అప్పుడన్నాడు. "నా తలగుడ్డ దాసిందా మీ అమ్మ? ఎర్రంచుది. కొసన సుట్ట కాలిన బొక్కుంటాది. సిటికినేలు దూరేటంత."

దంపుడు చప్పుడు ఆగింది.

చదువు రాక పంపేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కాగితం చదవలేకపోయాను గానీ ఆ బొక్క నాకు తెలుసు. ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆయనెవరో ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసే అన్నాను.

"మా అయ్యకి కర్మ సేసీసినాం. నువ్వెల్లిపో."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆయన తల తిప్పి చూశాడు. అమ్మ చెయ్యెత్తి అరచేత్తో నుదురు కప్పుకుంది. బోడి నుదురు ఆయనకు కనపడకూడదని. కానీ మెడ బోసిగానే ఉంది, చెయ్యి బోసిగానే ఉంది. అన్నీ కప్పుకోవడానికి ఒక చెయ్యి చాలదు.

ఆయన చూశాడు. నేను చెప్పినప్పుడు నమ్మలేదు, అది చూసి నమ్మాడు. తను చచ్చిపోయినట్టు ఆయనకు అప్పుడు తెలిసింది.

"దాహం" అన్నాడు.

అమ్మ చెంబు తెచ్చింది. చేతికివ్వలేదు. గడప దాటకుండా లోపలి నుంచే వంచింది, ఆయన రెండు వేళ్ల చెయ్యి, ఐదు వేళ్ల చెయ్యి కలిపి దోసిలి పట్టాడు. సగం కారిపోయాయి. తాగి, మూతి తుడుచుకుని, వచ్చిన దారినే పోయాడు. యుద్ధం అయ్యాక ఆ ఎనిమిది తొమ్మిదేళ్లు ఎక్కడున్నాడో, వేళ్లు ఎలా పోయాయో ఎవరూ అడగలేదు. అడగడానికి కూర్చోబెట్టాలి కదా.

నాలుగో రోజు తలారి వచ్చి కబురు చెప్పాడు. రెండు మైళ్ల అవతల రైలు కట్ట పక్కన ఎవరో బిచ్చగాడు చలికి పోయాడట, అక్కడే పూడ్చేశారట. ఊరందరికీ చెబుతున్నట్టే మాకూ చెప్పి పోయాడు. అమ్మ లేచి బావి దగ్గరికి వెళ్లింది. కట్టుబట్టలతోనే కడవ మీద కడవ నెత్తిన పోసుకుంది.

"ఈ సలిలో ఏటే ఆ తానం?" అన్నాను.

"ఉక్కబోత్తంది" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. కాగితం నేను చూరులో దోపాను. చదవడం నేర్చుకుని తీసేసరికి చెద తినేసింది. నేర్చుకున్నా అది ఇంగ్లీషు, ఏం లాభం. అరుగు బడిలో పంతులమ్మ ఎవరి పేరు వాళ్లు పలక మీద రాయమంటే నేను మా నాన్న పేరు రాశాను. "ఇది మీ పేరు కాదు కదమ్మా" అంది ఆవిడ. చెరిపేసి నాది రాశాను.

నాకు డెబ్బై దాటాక ఒక పెళ్లిలో పురోహితుడి పక్కన కూర్చోవలసి వచ్చింది. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను, కర్మయ్యాక మనిషి తిరిగొస్తే ఏం చేస్తారని. "దానికేముందమ్మా, విధి ఉంది" అన్నాడు పులిహోర తింటూ. అప్పుడే పుట్టిన పిల్లాడికి చేసినట్టు స్నానం చేయించి, మళ్లీ పేరు పెట్టి, పెళ్లాం మెడలో మళ్లీ తాళి కట్టిస్తారట. ఒక రోజు పని. మా దాసరికి అది తెలీదో, తెలిసి చెప్పలేదో. మాకెవరికీ తెలీదు.

అదీ సంగతి. మళ్లీ జిమ్‌కి వస్తాను.

మునిమనవరాలు మైకు ముందు నిలబడి ఇంగ్లీషులో చదివింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ "డైడ్" అన్న మాట వచ్చు. అది ఆ మాట అన్నప్పుడు కార్డు పైకెత్తి పంజాబువాడి బొమ్మ అందరికీ చూపించింది. చప్పట్లు మొదలయ్యాయి. నాకు ఒకటే తట్టింది. ఆ రోజు జరిగింది తెలిసినవాళ్లలో మిగిలింది నేను. నేను లేచి నిలబడితే గడ్డిబొమ్మకు ఇంకోసారి నిప్పు పెట్టినట్టు. నేను పోయాక ఇక ఆయన తిరిగి రావడానికి ఎక్కడా చోటుండదు.

"అమ్మమ్మా, ప్లీజ్. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మా నాన్న యుద్ధంలో చావలేదు. తిరిగొచ్చాడు. నేనే పొమ్మన్నాను."

మనవరాలి చెయ్యి నా చంక కింద అలాగే ఉండిపోయింది. మా పక్క కుర్చీలో ఒక తెల్ల ముసలాయన కూర్చున్నాడు, తల మీద వియత్నాం అని రాసున్న టోపీ. మనవడి కోసం వచ్చాడు. ఏమైందని నా మనవరాలిని అడిగాడు. అది నా మాటల్లో సగమే ఇంగ్లీషులో చెప్పింది, తిరిగొచ్చాడన్నంతవరకే. ఆయన తలూపి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"ఇవాళ తిరిగొచ్చినవాళ్ల రోజేనట అమ్మమ్మా. చనిపోయినవాళ్లకి వేరే రోజు ఉందట, మే నెలలో."

ముసలాయన ఇంకో మాట అడిగాడు. మనవరాలు నా మొహం చూడకుండా చెప్పింది. "మీ నాన్న వచ్చినప్పుడు ఆయన్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి ఎవరైనా వెళ్లారా అంటున్నాడు."

"మా ఊళ్లో ఎయిర్‌పోర్ట్ లేదు. గుమ్మం ఉంది. అక్కడికి కూడా ఎవరం వెళ్లలేదని చెప్పు."

అది చెప్పిందో లేదో. ఈలోపు పదకొండయింది. గంట కొట్టారు. జిమ్‌లో అందరూ లేచి, సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడాలి. ముసలాయన ముందు కుర్చీ పట్టుకుని లేచాడు. అప్పుడు నేనూ లేచాను, ఎవరూ పట్టుకోకుండా.

అయిపోయాక పిల్లల కార్డులన్నీ వరండా గోడకు అంటించారు. మునిమనవరాలు నా దగ్గరికి వచ్చి నిలబడింది. దానికి ఏడుపు ఆగడం లేదు.

"తాతమ్మా, నేను చదివినప్పుడు నువ్వు ఎందుకు స్టాండప్ చెయ్‌లేదు?"

తొమ్మిదేళ్ల పిల్లకు ఎంత చెప్పాలో నాకు తెలీదు. అంతా చెప్పాను. మనవరాలు ఆపబోయి, ఆగి, నేను చెప్పేది దానికి ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూ చెబుతూ తనే మొదటిసారి వింటోంది.

"అన్నం పెట్టావా తాతమ్మా?"

"లేదు. అమ్మ నీళ్లు పోసింది."

"ఓన్లీ వాటర్?"

"అంతే."

అది ఎవరి దగ్గర్నుంచో మార్కర్ తెచ్చి గోడ మీద కార్డులో "డైడ్" అన్న ఆ ఒక్క మాట కొట్టెయ్యబోయింది. కార్డు మీద ప్లాస్టిక్ పొర వేయించారు, పాడవకుండా. సిరా నిలవలేదు. రెండుసార్లు గీసింది. రెండుసార్లూ దాని చేతికే అంటింది. టీచరు వచ్చి, నెలాఖరుదాకా గోడ మీద ఉంటుంది, తర్వాత ఇంటికి పట్టుకెళ్లమంది.

కార్‌లో మనవరాలే బండి నడుపుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది. "ఇది మా అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అమ్మ పోయేదాకా నీ పక్కనే పడుకుంది అమ్మమ్మా."

"పడుకుంది."

"ఆయన్ని ఎక్కడ పూడ్చారు?"

"రైలు కట్ట పక్కన. తర్వాత రెండో లైను వేశారు. ఇప్పుడా చోటు లేదు."

పచ్చ లైటు పడింది. అది బండి పోనిచ్చింది. ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. అన్నం పెడుతుంది, మందులిస్తుంది, డాక్టర్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేస్తుంది. దాన్ని తప్పు పట్టను. నేను పొమ్మన్న మనిషి దానికీ ముత్తాతే.

కార్డు ఇంకా ఆ గోడ మీదే ఉంది. దాని మీద ఏమీ రాయడానికి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ మంగళవారం జిమ్‌లో ఉన్నవాళ్లు: మైకు దగ్గర నా మునిమనవరాలు. నా ఎడమ పక్కన నా మనవరాలు. దాని మొగుడు లేడు, ఆఫీస్‌కి వెళ్లాడు. కుడి పక్కన టోపీ ముసలాయన. నేను.

పుష్యమాసంలో ఆ రోజు మా ఇంటి దగ్గర ఉన్నవాళ్లు: గుమ్మంలో చెంబుతో మా అమ్మ. అరుగు మీద నేను. చిన్నాన్న లేడు, కళ్లంలో ఉన్నాడు. వీధిలో మా నాన్న, ప్రాణాలతో.